ఎదురు బెల్లు

కరెంటు పోయింది. తలమీది ఫ్యాను కొంతసేపు తన ఊపున తాను తిరిగి ఆగింది, మూలనున్న యూపీఎస్ డబ్బా ఐదుసార్లు కీచుమని అరిచి అదీ ఊరుకుంది. ఐదు అని నేను లోపల లెక్కపెట్టుకున్నాను. ఏ చప్పుడు విన్నా లెక్కపెట్టడం ఇరవై ఎనిమిదేళ్ల అలవాటు, మానుకుందామన్నా మానదు. ఈ కంప్యూటరు షాపు నడిపే గజాలా బయటికి పోయి పక్క షాపువాణ్ని అడిగి వచ్చింది. "లైను రిపేరంట చాచా, మూడింటి దాకా రాదు. మంచిగనే అయింది పో, నీకు సోచాయించుకోను టైం దొరికింది. నేను నమాజ్ చదువుకొని ఇంత తిని వస్త. కరెంటు రాంగనే అడుగుత. నీలందా, నల్లదా, నోరు తెరిచి చెప్పాలె. తల ఊపుతె నడువది." అని షట్టరు సగం దించి వెనక ఇంట్లోకి పోయింది. "అన్నం తిన్నవా చాచా?" అని లోపలినుంచి ఇంకోసారి అరిచింది. నేను తల ఊపాను. ఆమెకు ఎట్లా కనబడుతుంది? గోడ అడ్డం ఉంది.

జనగామ బజారు ఎండ షట్టరు కిందినుంచి చీరంచు వెడల్పున లోపలికి వచ్చి నా చెప్పుల దగ్గర ఆగింది. బల్ల మీద నా కొత్త కంప్యూటరు, ఇంకా ఏమీ నింపని ఖాళీ డబ్బా, దాని ముందు రెండు పెన్‌డ్రైవులు, రెండూ నా చిటికెన వేలంత. నీలందాంట్లో విండోస్, నల్లదాంట్లో లినక్స్. నేను చదివింది మొగుళ్లపల్లి బడిలో మూడో తరగతి, ఆ తర్వాత మా నాయిన ఎడ్ల వెంట పంపాడు. ఎడ్లతో కూడా మాట్లాడేది లేదు, నాలుకతో ఒక చప్పుడు, అంతే. అట్లాంటివాణ్ని పట్టుకుని ఈ గజాలా పొద్దుటినుంచి ఏ సిస్టమ్ కావాలె అని అడుగుతున్నది. "డబ్బా ఉంటె సరిపోదు చాచా. మనం చెప్పేది మిషన్‌కు తెల్వది, మిషన్ చెప్పేది మనకు తెల్వది. నడుమ ఒకడు కూసోని ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరెయ్యాలె. గదే ఆపరేటింగ్ సిస్టమ్." ఆ మాట విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది, బయటికి మాత్రం రాలేదు. నడుమ కూర్చునేవాణ్ని నేనే కదా. భూపాలపల్లిలో బొగ్గుబాయి మీద హాలర్ ఇంజను దగ్గర కూర్చున్నాను, కిందినుంచి బొగ్గు టబ్బుల్ని ఇనుప రోపుతో పైకి లాగే ఇంజను అది. కింద చీకట్లో చాంద్‌పాషా, ఈ గజాలా తండ్రి, టబ్బులు తగిలించి తీగ లాగుతాడు, నా నెత్తిమీద బెల్లు మోగుతుంది. ఒకటి కొడితే ఆపు. రెండు కొడితే లాగు. మూడు కొడితే వదులు. మనిషి కనబడడు, గొంతు వినబడదు, బెల్లు ఒక్కటే. నా ఎదురుగా గోడకు ఒక రేకు బోర్డు ఉండేది, డ్రైవరుతో మాట్లాడరాదు అని. కూడబలుక్కోకుండా ఒక్క ఊపున నేను చదివిన మొదటి వాక్యం అదే. దాని కింద కూర్చుని ముసలివాణ్నయ్యాను.

పొద్దున గజాలా తన రెండు మిషన్లలో రెండూ చూపించింది. మాట పడిపోయినవాళ్లకు మాట నేర్పే ఆటలాంటిది రెంటిలోనూ ఒకటుంది, మాటల డాక్టరమ్మ కాగితం మీద ఆ రెండు పేర్లూ రాసిచ్చింది. విండోస్‌లో నడిచేది ఒక కంపెనీ చేసింది. తెర మీద గ్లాసు బొమ్మ వస్తుంది, ఒక ఆడమనిషి గొంతు "నీళ్లు. నీళ్లు కావాలండీ" అంటుంది. ఎంత తియ్యటి గొంతు, రేడియోలో వార్తలు చదివినట్టు, ఎక్కడా తొట్రుపాటు లేదు. మూడు వందల నలభై బొమ్మలు, మూడు వందల నలభై మాటలు, అన్నీ వండి వడ్డించినవే, ఇంటికి తీసుకుపోయి మీట నొక్కడమే తరువాయి. లినక్స్‌లోది ఎవరో ఊరికే చేసి పంచిపెట్టింది. అదే గ్లాసు బొమ్మ, గొంతు లేదు, కింద ఒక ఎర్ర గుండీ. ఇంట్లో మనిషి ఆ గుండీ నొక్కి మాట చెప్పాలి, అప్పుడు ఆ మనిషి గొంతుతోనే అది రోజూ పలుకుతుంది. "మూడు వందల నలభై మాటలు చాచా!" అని గజాలా నోటిమీద చెయ్యి పెట్టుకుని నవ్వింది, "నీకు రెండేండ్ల రేషన్." రెండూ పెట్టమని వేళ్లతో చూపించాను. "పెట్టొచ్చు. పెడితె రోజు పొద్దున అది అడుగుతది, ఏది తెరువాలె అని. నువ్వు రోజు గా అండీ అనే అమ్మనే తెరుస్తవ్. నాకు తెల్వదా నీ సంగతి? ఒకటే పెడ్త." కంపెనీదాంట్లోనే నా గొంతు పెట్టుకోవచ్చా అని అడగాలనుకుంటూ ఉండగానే ఆమె చెప్పేసింది, దాంట్లో గొంతు మార్చరాదు, ఇది దాంట్లో నడవదు, అది దీంట్లో నడవదు. అన్ని దారులూ మూసి, రెండు పెన్‌డ్రైవులు నా ముందు పెట్టింది.

నా భార్య సరోజ ఇప్పుడు ఇంట్లో మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంటుంది. దగ్గర ఆమె చెల్లెలి బిడ్డ సుజాత ఉంది, ఏదో ఒకటి చెబుతూ ఉంటుంది, సరోజ కళ్లతో వింటూ ఉంటుంది. మూడు నెలలైంది. ఆ పొద్దున పొయ్యిమీద పాలు పొంగుతుంటే నన్ను పిలవబోయింది, నోరు ఒక పక్కకు పోయింది, కుడిచెయ్యి కర్రలా కిందికి జారింది. దవాఖానలో తొమ్మిది రోజులు ఉన్నాం. ఇంటికొచ్చాక అన్నీ అర్థమవుతున్నాయి, ఏడుపొస్తుంది, వంకరగానైనా నవ్వొస్తుంది, మాట మాత్రం రాదు. త త త అంటుంది, ఆ పైన కోపంతో పెదవి కొరుక్కుంటుంది. చూడబుద్ధి కాలేదు నాకు. నాకు తెలిసిన పని ఒకటే. నా సైకిలుకున్న బెల్లు విప్పి ఆమె మంచం పట్టెకు, ఎడమచేతికి అందేలా బిగించాను. ఒకటి కొడితే చాలు, ఆపు. రెండు నీళ్లు. మూడు బయటికి. నాలుగు కొడితే ఒత్తిగిలించి పడుకోబెట్టు. ఐదు అన్నం. రెండు రోజుల్లో నేర్చుకుంది. ఏం తెలివి ఆమెది, చాంద్‌పాషాకు నెల పట్టింది. ఇల్లు మళ్లీ నడిచింది. ఆమె కొడుతుంది, నేను లేస్తాను, చేస్తాను, మధ్యలో ఒక్క మాట అక్కర్లేదు. వీధిలో వాళ్లు కూడా మెచ్చుకున్నారు. నిజం చెప్పుకోవాలంటే ఆ రెండు నెలలు నేను సుఖపడ్డాను. నలభై రెండేళ్ల కాపురంలో మొదటిసారి ఆమె నా భాషలోకి వచ్చిందనుకున్నాను.

నా బెల్లు గొప్పతనాన్ని మాటల డాక్టరమ్మ ప్రవళిక ముందు కూడా చూపించుకున్నాను. సుజాత చెబుతుంటే పక్కన నిలబడి, బెల్లు ఎట్లా కొడుతుందో బొటనవేలితో చేసి చూపించాను. డాక్టరమ్మ రాస్తున్న కలం ఆపింది. "ఈ రెండు నెలల ఎన్ని మాటలొచ్చినయి?" అంది. సుజాత నన్ను చూసింది. "బెల్లు కొడితె నీళ్లొస్తయి, అన్నమొస్తది. ఇగ నోరెందుకు తెరుస్తది బాపూ? అడిగే అక్కరనే లేకుంట చేసిన్రు మీరు." తిట్టినట్టు అనలేదు, మెల్లగా అంది, అందుకే ఇంకా లోపల ఉంది. తర్వాత రాదని కాదు గని మొదటి ఆర్నెల్లే గట్టివి, అందులో సగం పోయినయి అని చెప్పింది. రోజూ ఒక గంట మాటలు వినాలి, వెంట అనాలి, దగ్గరి మనిషి చెబితే ఇంకా మంచిది. "మీరు చెప్తరా?" తల ఊపాను. "గట్ల ఊపుతె ఆమెకు వినబడది గద." కలం మళ్లీ అందుకుని, "మీతోని కాకపోతె కంప్యూటర్ పెట్టుకోండ్రి" అని కాగితం రాసిచ్చింది. అంటే ఈ డబ్బా నా బదులు. ఆ సాయంత్రమే మరలు విప్పి బెల్లు తీశాను. మళ్లీ బిగిస్తానేమోనని నా మీద నాకే నమ్మకం లేక అప్పటినుంచి చొక్కా జేబులో వేసుకుని తిరుగుతున్నాను, ఇప్పుడూ ఉంది. తీసిన రోజు సరోజ ఎడమచేతి వేళ్లు ఆ జాగాలో తడుముకున్నాయి, ఏమీ దొరక్క పట్టె మీద రెండుసార్లు తట్టాయి. నీళ్లు. నేను గ్లాసు పట్టుకుని ఇవ్వకుండా నిలబడ్డాను. నీళ్లు అను, అని చెప్పాలి, అంతే, ఎంత మాట. నా నోరు రాలేదు. ఆమె నన్ను చూసింది, నేను ఆమెను చూశాను, చివరికి గ్లాసు అందించాను. ఆ ఇంట్లో ఇద్దరం మూగవాళ్లమే, ఒకరికి రోగం, ఒకరికి అలవాటు.

ఆమెది కొత్తగూడ, అడవి ఊరు. చిన్నప్పుడు తునికాకు ఏరడానికి పోయి పొద్దంతా ముచ్చట పెడుతూనే కట్టలు కట్టేదట, కట్టకు యాభై ఆకులు, మాట ఆగేది కాదు, లెక్క తప్పేది కాదు. భూపాలపల్లి క్వార్టర్లలో షిఫ్టు దిగి వస్తుంటే సందు మలుపులోనే ఆమె గొంతు వినబడేది, ఇల్లు ఎటో చీకట్లో అయినా తెలిసేది. "మా ఆయన నోట్లకెళ్లి ఒక్క మాట తియ్యాలంటె రెండు షిఫ్టులు పడ్తది, మీదికెళ్లి ఓవర్‌టైం" అని పంపు దగ్గర ఆడవాళ్లను నవ్వించేది. టీవీ సీరియల్లో ఆడవాళ్లను చూసి కొంగు భుజం చుట్టూ కప్పుకుని, "ఏమండీ, కాఫీ తాగుతారా అండీ" అని వెక్కిరించి, మళ్లీ తన గొంతుతో, "ఇగో, సాయ పెట్టిన, సల్లారుతది" అనేది. ఆమెకు నేను ఇగో. నాకు ఆమె ఏమీ కాదు. పేరుపెట్టి పిలుచుకోవడం మా ఇళ్లలో లేదు, మగవాళ్లు ఏమే అంటారు, ఒసేయ్ అంటారు, నేను అదీ అనలేదు. దగ్గేవాణ్ని. దగ్గితే వచ్చేది. "దగ్గుతోని కాపురం చేసినోడివి దునియాల నువ్వొక్కనివే" అనేది, వచ్చి నిలబడి. ఆ అండీ అమ్మ వెంట నేర్చుకుని, ఒక పొద్దున సరోజ నా మొహం చూసి "నీళ్లు కావాలండీ" అంటే? మక్కకంకిని చూపించి మొక్కజొన్న పొత్తు అంటే? అప్పుడు నేను ఎవరితో ఉన్నట్టు? అయినా మాట రావడమే పదివేలు, ఏ మాటైతే ఏమిటి అని మనసు మళ్లీ నీలందాని వైపు లాగుతుంది. ఆ గొంతు విసుక్కోదు, మరిచిపోదు, దగ్గదు. నాది పలికితే గ్రీజు లేని చక్రం తిరిగినట్టు ఉంటుంది. రెండు నెలలు నా తెలివితోనే పాడుచేశాను, మిగిలిన మూడు నెలలు నా గొంతుతో పాడుచేస్తే?

"అమ్మా, జిరాక్స్ ఉన్నదా?" షట్టరు కింద రెండు కాళ్లు నిలబడ్డాయి. నేను తల అడ్డంగా ఊపాను. కాళ్లు కదల్లేదు. "ఓ, ఎవరన్న ఉన్నరా లోపట?" మళ్లీ ఊపాను. ఆ మనిషి వంగి, చేతిలో కాగితాలు నుదుటికి అడ్డం పెట్టుకుని చూశాడు. ఎండలోంచి చీకట్లోకి చూసేవాడికి ఏం కనబడుతుంది? "కూసున్నది మనిషా, బొమ్మనా?" అన్నాడు. "కరెంటు లేదు" అన్నాను. మొదట గాలి వచ్చింది, తర్వాత గొంతు వచ్చింది. "గా ముక్క ముంగటనే చెప్తె నీ సొమ్మేం బోతది పెద్దమనిషీ, గీ ఎండల నిలవెడ్తివి" అని గొణుక్కుంటూ కాళ్లు పోయాయి. ఎండ మళ్లీ నా చెప్పుల మీదికి వచ్చింది.

చాంద్‌పాషా కూడా అచ్చం ఇట్లాగే తిట్టేవాడు. "బాయిల బెల్లు కొడితె ఎదురు బెల్లు కొడ్తవ్ లస్మన్నా. ఎంత మర్యాద! మీదికొచ్చి సలాం పెడితె తలకాయ ఊపుడేనా?" అనేవాడు. ఎదురు బెల్లు మా పనిలో కట్టడి. కింది మనిషి రెండు కొట్టగానే నేను రోపు లాగకూడదు. ముందు నేనూ రెండు కొట్టాలి. నీ బెల్లు ముట్టింది, నేను విన్నది ఇదే, అని చెప్పడం అది. అప్పుడే కింద మనిషి పక్కకు జరిగి నిలబడతాడు, అప్పుడే ఇంజను కదలాలి. ఒకరోజు పైనుంచి పోయే తీగ తెగింది, అతని బెల్లు నాకు వస్తున్నది, నాది అతనికి పోవడం లేదు. నాకు తెలియదు, అతను కొట్టిందే మళ్లీ మళ్లీ కొడుతుంటే రోపు కదపకుండా నేనూ ఎదురు కొడుతూనే ఉన్నాను. పావుగంట తర్వాత ఎవరో పోయి చెప్పారు. ఆ పొద్దు షిఫ్టు దిగాక చాంద్‌పాషా బీడీ వెలిగించకుండా వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. "నేను కొడ్తున్న, కొడ్తున్న. నువ్వు ఇంటున్నవో లేదో తెల్వది. జరసేపైనంక మీద మనిషే లేడేమో అనిపిచ్చింది లస్మన్నా. నా నెత్తిమీది లైటు తప్ప ఏం లేదు. గా పావుగంట జిందగీల మర్వ." అప్పుడూ తల ఊపాను. అతను పోయి నాలుగేళ్లు, అతని బిడ్డ షాపులో, కరెంటు లేని పూట, ఆ మాట ఇప్పుడొచ్చి నా పక్కన కూర్చుంది. పావుగంటకే మనిషి అట్లా అయిపోయాడు. సరోజ నలభై రెండేళ్లు ఆ తీగ లాగింది. సాయ గ్లాసు పెట్టి చెప్పింది, అడవిలో ఇప్పపూలు ఏరిన ముచ్చట చెప్పింది, పిల్లలు లేరని ఒక వానాకాలమంతా ఏడ్చి చెప్పింది, ఎన్నిసార్లో మధ్యలో ఆగి "ఇంటున్నవా?" అంది. వింటూనే ఉన్నాను. ప్రతి మాటా విన్నాను, ఇప్పుడు అడిగితే వరసగా అప్పజెప్పగలను, ఇప్పచెట్టు కింద ఎలుగుబంటి అడుగులు చూసి ఏ మేనత్త చెయ్యి పట్టుకుని ఉరికిందో కూడా. కానీ ఆమెకు ఎట్లా తెలుస్తుంది? నేను ఎదురు బెల్లు కొట్టలేదు. పైన మనిషి ఉన్నాడో లేడో తెలియకుండానే అన్నేళ్లు లాగి, ఆ పొద్దున పాలు పొంగుతుంటే చివరిసారి కూడా నన్నే పిలవబోయింది.

ఫ్యాను కదిలింది. యూపీఎస్ ఒక్కసారి కీచుమంది. ఒకటి. గజాలా కొంగుతో మూతి తుడుచుకుంటూ వచ్చి షట్టరు పైకి ఎత్తింది, వెలుతురంతా ఒక్కసారి మీద పడింది. "ఊఁ, చెప్పు చాచా." నేను నల్లదాన్ని ఆమె ముందుకు తోశాను. "చేతితోని కాదు." "నల్లది" అన్నాను. ఆమె నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. "మూడు వందల నలభై చాచా. సగంల విడిసిపెట్టి మళ్ల నీలంది పెట్టుమని వచ్చినవనుకో, నేను పెడ్త, నాకేం. గని చాచీకి దినాలు లెవ్వు." "ఎరుకే" అన్నాను. ఇంకేమైనా అంటానేమోనని చూసింది. "చెప్త" అన్నాను. పెన్‌డ్రైవు గుచ్చింది. తెర మీద ఒక సన్నని గీత కుడివైపుకు నిండుతూ పోయింది, బరువైన టబ్బు ఎక్కుడు దారిలో వచ్చినట్టు, ఆగినట్టుండి మళ్లీ కదిలి. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. నాకు ఆ చూడడం తెలుసు.

"మైకు పనిచేస్తదో లేదో చూద్దాం. ఒక్కటి చెప్పు" అని గజాలా చిన్న మైకు నా దగ్గరికి జరిపింది. గ్లాసు బొమ్మ, ఎర్ర గుండీ. ఆమె అటు తిరిగి, చుట్టి ఉన్న వైరునే విప్పి మళ్లీ చుట్టసాగింది. వాళ్ల బాపు కూడా ఇట్లాగే, చూడవలసినచోట చూసేవాడు, చూడకూడనిచోట బీడీ కట్ట వెతుక్కునేవాడు. గుండీ నొక్కాను. దగ్గు రాబోయింది, మింగాను. జేబులో సైకిల్ బెల్లు ఛాతీకి చల్లగా తగులుతున్నది. గుండీ వెలుగుతూనే ఉంది, ఏమీ అనకపోయినా అది తీసుకుంటూనే ఉంది.

"సరోజా" అన్నాను.

గజాలా చేతిలో వైరు ఆగింది.

"సరోజా. నీళ్లు."

"పేరు వద్దు చాచా, మాట ఒక్కటే చెప్పాలె" అంది, అటు తిరిగే. "చెరిపి మళ్ల చెప్తవా?"

"వద్దు. ఉండనీ."

"ఇను మరి" అని మీట నొక్కింది. నా గొంతు బయటినుంచి నాకు వినబడడం అదే మొదలు. నాకంటే ముసలిది, దూరంది, ఎక్కడో కిందినుంచి వస్తున్నట్టుంది. పేరు అంది, మాట అంది, ఆగింది. తెర మీద ఒక చిన్న చెవి బొమ్మ వెలిగింది. వినేవాళ్లు తిరిగి అనడానికి వదిలిపెట్టిన జాగా అది, పది సెకన్లు, అని గజాలా చెప్పింది. నేను లెక్కపెట్టాను. బజారులో ఒక ఆటో పోయింది, ఫ్యాను తిరుగుతున్నది. ఎనిమిది. తొమ్మిది. పది కూడా అయింది, ఎవరూ ఏమీ అనలేదు. చెవి బొమ్మ ఆరిపోయింది. అది ఊరుకోలేదు, మళ్లీ మొదటినుంచి నా గొంతుతో పిలిచింది.

"సరోజా. నీళ్లు."